తీర్థం పోసే చెయ్యి

దేవనాథ్ గోల్ఫ్ కర్ర పట్టుకుంటే చూడముచ్చటగా ఉండేది, గుంత దూరంగా ఉన్నంతసేపూ. నడుము తిప్పి ఒక్క ఊపు ఊపాడంటే బంతి నంద్యాల రోడ్డు పక్క వేపచెట్లను దాటిపోయేది. గుంత దగ్గరికొచ్చి చిన్న దెబ్బ కొట్టాల్సి వస్తే మాత్రం కుడి మణికట్టు కరెంటు కొట్టినట్టు అదిరేది. అందుకే ఆ దెబ్బ ఎవరికీ కొట్టి చూపించేవాడు కాదు. "మీరు కొట్టండి, నేను చూస్తా" అని చేతులు కట్టుకుని నిలబడేవాడు. ఆడలేక మద్దెల ఓడనేవాళ్లను చూశాం గానీ, ఈయన ఆడకుండానే మద్దెలకు గురువై కూర్చున్నాడు.

మైదానం విత్తనాల కంపెనీ ఆదినారాయణది. వ్యాపారం నంద్యాలలో, పొలం ఆళ్లగడ్డ దారిలో. పత్తి పండే నల్లరేగడిని చదును చేయించి గోల్ఫ్ పెట్టుకున్నాడు. గడ్డి నిలవకపోతే గుంతల చుట్టూ ఇసుక పోయించి, పాత ఇంజనాయిలు కలిపి, రోలరు తోలించాడు. డీలర్లనూ ఆఫీసర్లనూ పిలిచి ఆడించడం ఆయన సరదా. వాళ్లకు నేర్పడానికి హైదరాబాదు క్లబ్బులో పనిచేసి వచ్చిన దేవనాథ్‌ను పెట్టుకున్నాడు. అహోబిలం అర్చకుల బిడ్డ గనక "సామీ" అని పిలిచేవాడు. అందులో సగం గౌరవం, సగం ఎగతాళి.

వసుధ దేవనాథ్ అక్క కూతురు. డిగ్రీ చదివి ఇంట్లో ఊరికే కూర్చున్న పిల్లను మేనమామే పిలుచుకొచ్చి ఆట నేర్పాడు. అంతవరకు మంచివాడే, కాదనను.

"చిన్న దెబ్బకు బలం పనికిరాదు పాపా. మీ తాత ఉద్ధరిణితో తీర్థం పోసేది చూసినావు గదా. మణికట్టు కదిలిందా? చుక్క కిందపడిందా? అంతే" అన్నాడు.

ఆ ఒక్కమాట చాలింది. ఎడమకాలి మీద బరువు వేసి, కర్రను ఇట్టే ముందుకు పోనిచ్చేది. బంతి జానెడెత్తు లేచి, ఇసుక మీద మెత్తగా వాలి, దొర్లుకుంటూ పోయి గుంతలో పడేది. ఎట్లా కొడుతోందో ఆ పిల్లకే తెలియదు. మొదట్లో అది చూసి మేనమామకు సంతోషంతో కళ్లు చెమర్చేవి. రానురాను అవే కళ్లలో ఆ పిల్ల నలుసై కూర్చుంది.

ఒక సాయంత్రం ఆదినారాయణ కారు దిగకుండానే పిలిచాడు.

"సామీ, ఆదివారం గెస్టులొస్తాండారు. మీ వసుధమ్మ వాళ్లకు చిన్న దెబ్బలు కొట్టి చూపిస్తాది. నచ్చిందంటే వచ్చే నెల నుంచి నేర్పే పని ఆయమ్మికే. నువ్వు నేల చూసుకో. ఆయిలు పోయించేది, రోలరు తోలించేది. నీ చెయ్యి అదురుతాదని నాకు తెలీదనుకుంటాండావా?"

దేవనాథ్ నవ్వాడు. నవ్వక ఏం చేస్తాడు?

ఆ చెయ్యి పుట్టుకతో అదిరే చెయ్యి కాదు. హైదరాబాదులో ఒక పోటీకి ముందు తోటి ఆటగాడు ప్రేమగా భుజం మీద చెయ్యేసి ఒక ప్రశ్న అడిగాడు. అడిగినవాడు కప్పు పట్టుకుపోయాడు. దేవనాథ్ ఆ ప్రశ్నను పట్టుకుని ఆళ్లగడ్డకు వచ్చిపడ్డాడు. దాని దెబ్బ ఎట్లాంటిదో అతనికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

ఆదివారం షామియానా కింద గెస్టులు కూర్చున్నారు. బిడ్డ ఆట చూద్దామని అక్క శ్రీరంగమ్మ పులిహోర కట్టుకుని వచ్చింది. వసుధ ఒక పక్కగా నిలబడి చెయ్యి అలవాటు చేసుకుంటోంది. ప్రతి బంతీ గుంతను వెతుక్కుంటూ పోతోంది. దేవనాథ్ ఆమె దగ్గరికెళ్లి భుజం మీద చెయ్యేశాడు.

"బాగా కొడతాండావు పాపా. ఒకటి అడగాలని ఎప్పుడూ మరిచిపోతాండా. కర్ర వెనక్కి తీసేటప్పుడు ఊపిరి పీలుస్తావా, వదుల్తావా?"

వసుధ ఆలోచనలో పడింది. "తెలీదు మామా. ఎప్పుడూ చూసుకోలేదే."

"చూసుకో మరి. ఊరికే అడిగినా."

తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదే. గురువుకు పంగనామం పెట్టే శిష్యులు ఊరూరా ఉన్నారు. నామాలవాళ్ల ఇంట పుట్టి, సొంత మేనకోడలికే పంగనామం పెట్టిన గురువు ఈయనొక్కడే.

వసుధ గెస్టుల ముందుకు వచ్చింది. కర్ర వెనక్కి తీసింది, ఊపిరి గుర్తొచ్చింది. దెబ్బ బంతికి తగలక ఇసుకలో దిగబడింది. రెండోసారి బంతి గుంత మీదుగా ఎగిరిపోయి ఒక పెద్దమనిషి బూట్ల దగ్గర పడింది. అందరూ నవ్వారు.

"ఏందమ్మా, చెరుకు నరకతాండావా?" అన్నాడు ఆదినారాయణ.

మూడోసారి ఆమె కుడి మణికట్టు అదిరింది. అచ్చం మేనమామ అదురే అది. దేవనాథ్‌కు గుండె కలుక్కుమంది. ఆ వెంటనే హాయిగా కూడా అనిపించింది. ఇన్నేళ్లకు తనకొక తోడు దొరికింది.

"ఉండనీలే సామీ, నీ పని నీకే" అని ఆదినారాయణ గెస్టులను భోజనాలకు లేపాడు. శ్రీరంగమ్మ తెచ్చిన పులిహోర మూత తీసినవాళ్లు లేరు.

మర్నాడు పొద్దున్నే వసుధ వచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి.

"మామా, తప్పు యాడుందో నువ్వే చెప్పాల. పీల్చాలా, వదలాలా?"

దీనికి మందు ఒక్కమాటలో ఉంది. 'అది కావాలని అడిగిన ప్రశ్న, మర్చిపో తల్లీ' అంటే చాలు. ఆ మాట అప్పట్లో తనకు ఎవరూ చెప్పలేదు. దేవనాథ్ నోరు తెరిచాడు. గేటులోకి ఆదినారాయణ కారు వస్తూ కనిపించింది.

"ఈసారి బిగబట్టి చూడు. బేగా వచ్చేది కాదులే పాపా, ఏండ్లు పడతాది. నేనుండా గదా" అన్నాడు.

ఆ పిల్ల బిగబట్టి కొట్టింది. ఇంకా అదిరింది. అయినా రోజూ వచ్చేది, కొట్టేది, మామ ముఖం చూసేది. ఒకరోజు శ్రీరంగమ్మ తమ్ముడికి కొత్త పంచె తెచ్చి చేతిలో పెట్టింది.

"వేరేవాళ్లైతే ఎప్పుడో విసుక్కుని పంపించేవాళ్లు. నా బిడ్డను వదిలిపెట్టకుండా చూసుకుంటాండావు. నీ రుణం తీరేది కాదప్పా."

దేవనాథ్ పంచె తీసుకున్నాడు. మామ ఎండలో నిలబడ్డాడని వసుధ కుండలోంచి గ్లాసుతో నీళ్లు తెచ్చింది. అందించబోతుంటే మణికట్టు అదిరి, సగం నీళ్లు అతని చేతిమీదా కొత్త పంచెమీదా పడ్డాయి.

"చూసుకోలేదు మామా" అంది తలవంచుకుని.

"ఏం కాదులే పాపా" అని, గ్లాసులో మిగిలిన నీళ్లు తాగేశాడు.