నారి దూప

పెంటగంప నెత్తిమీద ఉండగానే లస్మవ్వ ఎడమకాలి మడమ పక్కన పొక్కు భగ్గుమంది. గంప అక్కడే పారేద్దామంటే గట్టుమీద పటేలు ఉన్నాడు. మోద్దామంటే కాలు నేలకు ఆనడం లేదు. పళ్ళు బిగబట్టి, కుంటుకుంటూ చేనులోకి దిగి, పెంట బోర్లించి, ఆ కుప్ప పక్కనే కూలబడింది. మిరుగం కార్తె దగ్గర పడింది. తొలివాన పడేలోగా పటేలు పశువుల కొట్టం వెనక ఏడాదిపాటు పేరుకున్న పెంటంతా చేలకు చేరాలి. పొద్దంతా మోస్తే రెండు శేర్ల జొన్నలు. మధ్యలో కూర్చున్నవాళ్ళకు అవీ ఉండవు.

వెనక వస్తున్న కమలవ్వ ఆగింది. నెత్తిమీద గంప ఉండటంతో మెడ కదపకుండా కళ్ళు మాత్రం కిందికి దించి చూసింది.

"అయ్యో లస్మక్కా, నారి! గీ యేడు నీకెల్లిందా?"

"మనకుగాక ఎవలకెల్లుతది?" అంది లస్మవ్వ.

గొడుగు పట్టుకుని పటేలు అటే వచ్చాడు. "ఏందే, గాడ సభ పెట్టిండ్రా?"

"నారి ఎల్లింది పటేలా. అడుగు పడుతలేదు."

"ఎల్లితే? గిదేమన్న కొత్తనా మీకు? వాడబాయికి పోయి జరసేపు కాలు నానబెట్టుకొని రాపో. సల్లవడ్తది. జల్ది రావాలె, మొగులు జూసినవా?"

చూశారా, పటేలుకు వైద్యం కూడా తెలుసు! నీళ్ళలో పెడితే కాలిమంట తగ్గుతుంది, మంట తగ్గితే గంప మళ్ళీ నెత్తికెక్కుతుంది. ఆయనకు అంతవరకు తెలిస్తే చాలు.

లక్సెట్టిపేటకు బండి మీద పూట ప్రయాణం దూరంలో ఉన్న ఆ ఊళ్ళో, ఎండలు ముదిరేసరికి మాలవాడ సగం కుంటుతుంది. కాలికి పొక్కు లేస్తుంది. నిప్పు పెట్టినట్టు మండుతుంది. అది పగిలి, తెల్లటి దారం లాంటిది తల బయటపెడుతుంది. అదే నారి. ఎండకు కాల్లోని నరం ఎండిపోయి బయటికొస్తుందని వాడ నమ్మకం. దాన్ని చీపురుపుల్లకు చుట్టి రోజుకింత లాగుతారు. తెగిందా, కాలు కాలంతా వాచి చీము పడుతుంది. లస్మవ్వ మొగుడు ముత్తయ్యకు మోకాలి దగ్గర అట్లాగే తెగింది. ఆ మోకాలు ఇక వంగలేదు. మోట కొడితే ఊరంతా మెచ్చుకున్న మనిషి, ఇప్పుడు గుడిసె ముందు కాలు చాపుకుని తాళ్ళు పేనుతున్నాడు.

నారికి దూపవుతుందని కూడా వాళ్ళ నమ్మకం. మనిషికి దాహమైనట్టే దానికీ దాహమవుతుందట. అందుకే మండుతుందట. నారి లేచినవాళ్ళు పొద్దునా సాయంత్రం వాడబావి మెట్లమీద కూర్చుని, కాళ్ళు నీళ్ళలో పెట్టి దానికి నీళ్ళు తాపుతారు. అది మెట్లు దిగి ముంచుకునే బావి. కాళ్ళు పెట్టేదీ, కుండలు ముంచేదీ ఒకటే చోట.

లస్మవ్వ కుంటుకుంటూ బావి దారి పట్టింది. దారి పొడవునా ఆమెకు దేవదాసు చెప్పిన మాటలే గుర్తుకొచ్చాయి.

దేవదాసు లక్సెట్టిపేట దవాఖానా నుంచి సైకిలు మీద వచ్చి టీకాలు వేసే మనిషి. పోయిన వారం వచ్చినప్పుడు పిల్లలకు టీకాలు వేశాక, వాడబావిలోకి దిగి గాజుగ్లాసు నిండా నీళ్ళు ముంచి ఎండకు ఎత్తి పట్టాడు. నీళ్ళలో నలకలు. ఊరికే తేలడం లేదు, గంతులేస్తున్నాయి.

"మీ కాళ్ళల్లది నరం కాదమ్మా, పురుగు," అన్నాడు. "కాలు నీళ్ళల్ల పెట్టంగనే అది పిల్లలను ఇడుస్తది. ఒకటి రెండు కాదు, లక్షలు. వాటిని గీ నలకలు మింగుతయ్. నలకలున్న నీళ్ళు మీరు తాగుతరు. ఏడాదిపాటు మీ ఒంట్లెనే పెరిగి, మళ్ళ ఎండకాలానికి ఇంత పొడుగు పురుగై బయటికొస్తది. దానికి దూప గాదు. పిల్లలను ఇడువనీకె అది మిమ్ముల నీళ్ళకాడికి తోల్తది."

ఆడవాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు. ఒకావిడ పక్కకుపోయి వాంతి చేసుకుంది. లస్మవ్వ అత్త బుచ్చవ్వ మాత్రం థూ అని ఉమ్మి లేచిపోయింది. వాడలో అందరికీ నారి చుట్టేది ఆమే మరి.

బట్టలో వడగట్టి తాగమన్నాడు దేవదాసు. లస్మవ్వ అదీ చేసింది. ఎన్ని మడతలు వేసినా ఆ చీకిన చీరపేలిక జల్లెడే, నలకలు జారి కుండలో పడ్డాయి. చిల్లు పడని బట్ట వాడలో ఏ ఇంట్లో ఉంది గనుక?

పటేలు మామిడితోటలో ఇంకో బావి ఉంది. దానికి మెట్లు లేవు. చుట్టూ ఎత్తుగా గోడ, పైన గిరక, చాంతాడు, ఇనప బొక్కెన. దేవదాసు పటేలింటికి పోయి, ఆ బావి అందరికీ విడవమని అడిగాడు. లేదంటే వాడబావి మెట్లు మూయించి గిరక పెట్టించమన్నాడు. పటేలు "అట్లనే సార్, తప్పకుంట" అని సైకిలుకు మామిడిపండ్ల గంప కట్టించాడు. సైకిలు మలుపు తిరగగానే, "మెట్లు మూసేతందుకు సర్కారు పైసలియ్యాలె, నా బాయి ఇడిసేతందుకు నేను సావాలె" అని నవ్వాడు. ఈ మాట వాడకు మోసుకొచ్చింది తోట కావలి గంగయ్య. గంగయ్యదీ ఆ వాడే. లస్మవ్వకు వరుసకు మరిది అవుతాడు. రాత్రింబవళ్ళు ఆ తోటలోనే ఉన్నా, ఆ బావి తాడు ముట్టుకునే హక్కు అతనికి లేదు. ఎంత ఎండలోనైనా తాగే నీళ్ళు వాడ నుంచి మోసుకుపోవాల్సిందే.

లస్మవ్వ వాడబావి దగ్గరికి వచ్చేసరికి, నీళ్ళంచున ముగ్గురు ముసలివాళ్ళు కాళ్ళు నానబెట్టుకుని కూర్చున్నారు. బుచ్చవ్వ ఒకాయన కాలు ఒళ్ళో పెట్టుకుని పుల్ల తిప్పుతోంది. బారెడు దూరంలో లస్మవ్వ కూతురు అనసూర్య వంగి కుండ ముంచుతోంది. ఏడేళ్ళ పిల్ల. కుండ ముంచి, దోసిలితో ఇన్ని తాగుదామని నోటిదాకా తెచ్చుకుంది.

"తాగకే!" అని లస్మవ్వ అరిచిన అరుపుకు పిల్ల చేతుల్లోంచి నీళ్ళు జారిపోయాయి. "పారబొయ్ కుండ!"

"ఏమైందే, పానం గిట్ల పోతుందా?" అని బుచ్చవ్వ తల తిప్పి, కోడలి కాలు చూసింది. "ఓయమ్మ, నీకూ ఎల్లిందా? రా, దిగు. దూపతోని సస్తున్నది అది. ఇన్ని నీళ్ళు తాపు."

"తాప. సావనీ."

మెట్టు మెట్టుకూ నీళ్ళ చల్లదనం పైకి కొడుతోంది. నాలుగు మెట్లు దిగితే చాలు, మంట చల్లారిపోతుంది. ఆ నాలుగు మెట్ల కోసం ఒళ్ళంతా కొట్టుకుంటోంది. లస్మవ్వ దిగలేదు. పై మెట్టుమీదనే కూర్చుని, కాలిని రెండు చేతులా పట్టుకుని, బాధకు ముందుకూ వెనక్కూ ఊగింది.

"కాళ్ళు తియ్యుండ్రి నీళ్ళల్లకెల్లి," అంది. "మీ దండం పెడుత. నా పిల్ల తాగే నీళ్ళు గవి."

"గా ప్యాంటోని మాటలు పట్టుకొని ఎగురుతున్నవా?" బుచ్చవ్వకు కోపం ముంచుకొచ్చింది. "నీ పెండ్లి గాకముందటిసంది నారి జుడుతున్న. నాకు నేర్పుతడా ఆడు?"

"సరే అత్తా, ఆని మాట ఇడిసిపెట్టు. నాకొకటి జెప్పు. పటేలింట్ల ఎవలికన్న నారి ఎల్లిందా? నువ్వెన్నడన్న పటేలు కాలుకు పుల్ల సుట్టినవా?"

బుచ్చవ్వ పుల్ల తిప్పడం ఆపింది.

"ఆల్లకు నరాలు లెవ్వా? ఆల్లకు ఎండ గొట్టదా? బాయి ఒక్కటే గదనే వేరు!"

నీళ్ళలో ఉన్న కాళ్ళు ఒక్కొక్కటే పైకి వచ్చాయి. బుచ్చవ్వ చేతిలోని పుల్లవైపు అట్లాగే చూస్తూ కూర్చుంది. కొడుకు మోకాలికి నారి లేచినప్పుడు రోజూ భుజం పట్టించి నడిపించుకొచ్చి ఈ నీళ్ళలోనే నానబెట్టింది తనే. ఈ నీళ్ళే తాపింది తనే.

"నా కొడుకును నేనే కుంటోన్ని జేసిన్నా లస్మీ?" అంది చివరికి. ఆ గొంతు వింటే పగవాళ్ళకైనా ఏడుపొస్తుంది.

"నువ్వు గాదు అత్తా. నీకెవలు జెప్పిండ్రు గనుక? జెప్పినంక గూడ బాయి ఇయ్యనోడు జేసిండు."

లస్మవ్వ లేచింది. అనసూర్య పారబోసిన కుండను తీసి చంకన పెట్టుకుంది.

"యాడికే?"

"మామిడితోటకు."

బుచ్చవ్వ కొంగుతో ముఖం తుడుచుకుని తన కుండ తీసుకుని, మనవరాలి చెయ్యి పట్టుకుంది. ముసలివాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పోలీసు యాక్షన్ జరిగి ఎనిమిదేళ్ళు కావొస్తోంది, రజాకార్లు పోయారు, నిజాం సిక్కా పోయింది, మొన్ననే అంటరానితనం పాటిస్తే జైలనే చట్టం కూడా వచ్చిందని దేవదాసే చెప్పాడు. అయినా తోట కంచె దాటాలంటే వాళ్ళకు భయమే. భయపడుతూనే నడిచారు. దారిలో పెంట మోస్తున్న కమలవ్వ సంగతి విని గంప అక్కడే దింపింది. ఆమెను చూసి మిగతావాళ్ళూ దింపారు. వాడకు పరుగెత్తి కుండలు తెచ్చారు.

తోట వాకిట్లో గంగయ్య కట్టె అడ్డం పెట్టాడు.

"వదినె, ఆగు. నీ పున్నెముంటది, నా పొట్ట గొట్టకు."

"నీ పొట్టల ఏమున్నదో జూసుకున్నవా? మేం తాగే నీళ్ళే గద నువ్వు తాగేది? ఎప్పుడెల్లుతదో నీకూ ఎల్లుతది." కట్టెను పక్కకు తోసింది. గట్టిగా పట్టుకుని ఉంటే ఆ కట్టె కదిలేది కాదు. గంగయ్య గట్టిగా పట్టుకోలేదు.

లస్మవ్వ బావి గోడకు పొట్ట ఆనించి, ఒంటికాలిమీద నిలబడి, తాడు పట్టుకుంది. జీవితంలో మొదటిసారి. కొబ్బరిపీచు తాడు, అంతకుమించి ఏమీ లేదు. వదిలితే గిరక గిర్రున తిరిగి, లోపలెక్కడో బొక్కెన ధబ్బుమంది.

పెంట ఎందుకు ఆగిందో చూద్దామని బయలుదేరిన పటేలు అప్పుడే తోటలోకి వచ్చాడు. ఆ దృశ్యం చూసి గొడుగు పారేసి పరుగున వచ్చాడు.

"ముట్టినవా? తాడు ముట్టినవా లంజెముండా!"

"ముట్టిన పటేలా."

"చీము గారే కాలేసుకొచ్చి నా బాయి ఖరాబు జేస్తవా?"

"నా కాలు నీ బాయిల ఎట్ల పడ్తది? నీ బాయికి మెట్లు లెవ్వు. అందుకే వచ్చిన."

"ఇడువు తాడు!"

"ఇడువ."

పటేలు తాడుకోసం చెయ్యి చాపాడు. చాపి, ఆగిపోయాడు. ఆ తాడు లస్మవ్వ చేతుల్లో ఉంది. లాక్కోవాలంటే తనూ పట్టుకోవాలి. ఆమె ముట్టుకున్నదాన్ని తను ముట్టుకోవాలి. పెద్దమనిషి చెయ్యి అటూ పోలేక ఇటూ రాలేక గాల్లోనే ఉండిపోయింది. నవ్వొచ్చే సంగతే గాని, నవ్వే ధైర్యం ఇంకా ఎవరికీ రాలేదు.

"రేపటిసంది మీ వాడల ఒక్కలకు పని దొరుకది, యాదిపెట్టుకోండ్రి!"

"గట్లనే. నీ పెంట నువ్వే మోసుకో," అంది లస్మవ్వ.

అప్పుడు మాత్రం కమలవ్వ కిసుక్కుమంది. అది ఒకరినుంచి ఒకరికి పాకింది. పటేలు ముఖం జేవురించింది. ఊళ్ళోంచి మనుషుల్ని పిలుచుకు రమ్మని తన వెంట వచ్చిన పాలేరును తరిమాడు. తర్వాత వెనక్కి తిరిగి అరిచాడు.

"గంగయ్యా! ఏం జూస్తున్నవ్‌రా గాడ్దికొడకా? గుంజుకో తాడు!"

గంగయ్య కదలలేదు. "నన్నా పటేలా?"

"నిన్నుగాక ఎవన్ని? పట్టు తాడు!"

"ముట్టుమంటవా?"

"ముట్టురా! జల్ది ముట్టు!"

గంగయ్య కట్టె కింద పారేశాడు. పైగుడ్డ నడుముకు బిగించి బావి దగ్గరికి వచ్చాడు. కండపట్టిన మనిషి, ఒక్క ఊపుతో లాగేయగలడు. లస్మవ్వ అరచేతులు ఒరుసుకుపోతున్నా తాడును ఇంకా గట్టిగా పట్టుకుంది. గంగయ్య ఆమె చేతులకు పైన తాడు పట్టుకున్నాడు.

"జర పక్కకు జరుగు వదినె," అన్నాడు నెమ్మదిగా. "ఒంటికాలు మీద ఎంతసేపని గుంజుతవ్. పటేలు నన్ను ముట్టుమన్నడు గద."

బారలు బారలుగా తాడు పైకి లాగాడు. గిరక కిర్రుమంది. బొక్కెన గోడమీదికి వచ్చింది. నీళ్ళు తేటగా ఉన్నాయి. బుచ్చవ్వ వంగి, అరచేతిలోకి కొన్ని తీసుకుని, ఎండకు పట్టి చాలాసేపు చూసింది. నలకల్లేవు. అనసూర్యను దగ్గరికి లాక్కుని ముందు ఆ పిల్లతో తాగించింది.

పటేలు ఏదో అరుస్తున్నాడు. ఎవరూ వినడం లేదు. కమలవ్వ కుండ నిండింది, ఇంకొకరు కుండ ముందుకు జరిపారు. అంతలో ఊరివైపు నుంచి కేకలు వినిపించాయి. బండిబాట మీద దుమ్ము లేచింది. కట్టెలు పట్టుకున్న మనుషులు చాలామందే ఉన్నట్టున్నారు. గంగయ్య చేతులు ఆగాయి. లస్మవ్వవైపు చూశాడు.

లస్మవ్వ మండుతున్న కాలును నేలకు ఆనించి, బావిగోడకు వీపు పెట్టి, దుమ్ము లేస్తున్న దిక్కుకు తిరిగి నిలబడింది.

"నింపు గంగయ్యా," అంది. "ఆల్లొచ్చేదాకనే గాదు, ఆల్లొచ్చినంక గూడ నింపు."