ఎడమచేతి మెలిక

గుడ్డ పిండడంలో చూడ్డానికేముంటుంది చెప్పండి? ఇరవై ఆరేళ్ళుగా ఈ బడిలో నేల తుడుస్తున్నాను. నా తడినేల మీద బూట్లతో తొక్కుకుంటూ పోయిన విద్యార్థులకి లెక్కే లేదు. ఒక్కళ్ళు నా బకెట్ వంక చూసిన పాపాన పోలేదు. అలాంటిది ఆ ఏడు మార్చిలో కొరియా పిల్ల హేరిన్ నా వెనకాలే తిరగడం మొదలుపెట్టింది.

"ఫోస్కమ్మా, ఇంకోసారి పిండరూ?" అంది మొదటిరోజు.

"ఏం, సరిగ్గా పిండలేదా?"

"బాగానే పిండారు. ఇంకోసారి."

పిచ్చిపిల్ల అనుకుని పిండాను. మర్నాడు పుస్తకం, పెన్సిలూ పట్టుకొచ్చింది. ఆ మర్నాడు కిటికీ పక్కకి జరగమంది, అక్కడ వెలుతురు బాగుందట. నాకేమో ఎవరైనా చూస్తుంటే ఎడమచేయి దాచుకోవడం అలవాటు. చిన్నప్పుడు కన్యస్త్రీలు నా ఎడమచేతిని తువ్వాలుతో బల్లకి కట్టేసేవారు, అది సైతాను చేయి అని. దెబ్బలు తిని కుడిచేత్తో రాయడం నేర్చుకున్నాను. గుడ్డ పిండడం మాత్రం ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు కదా, అది నా ఎడమచేతికే ఉండిపోయింది.

"రెండు చేతులూ కనబడేలా పిండండి, ఫోస్కమ్మా."

"నీకెందుకే ఈ గోల?"

"చెప్పను. పూర్తయ్యాక చూపిస్తాను."

నాతో అనకూడని మాట అదొక్కటే. చెప్పనంటే నాకు అన్నం సయించదు, నా గుణమే అంత. తుడిచే నెపంతో దాని బల్ల చుట్టూ రోజుకి నాలుగుసార్లు తిరిగాను. బొమ్మ మీద ముసుగు. బల్ల మీది వస్తువుల్ని ముట్టుకుంటే ఉద్యోగం పోతుంది కాబట్టి చీపురు కర్రతో ముసుగు ఎత్తబోయి, ఆ పిల్ల చూసేసరికి చీమని తోస్తున్నట్టు నటించాను.

మాది పాత బొమ్మల్ని బాగుచేయడం నేర్పే బడి. ఫ్లారెన్సులో, నదికి ఇవతల, కుర్చీలు చేసేవాళ్ళ సందులో ఉంటుంది. దేశదేశాల పిల్లలు వస్తారు. హేరిన్‌కి పరీక్ష కోసం ఇచ్చింది ఒక పల్లె చర్చి తాలూకు బొమ్మ. చెక్క మీద, ఐదువందల ఏళ్ళ కిందట ఎవరో వేసింది. మంచం మీద బాలింత, చుట్టూ ఆడవాళ్ళు, కింద మూలన బిడ్డకి స్నానం చేయించడానికి కూర్చున్న పనిమనిషి. అరవయ్యారులో మా నది పొంగిన వరదలో బురద తినేసింది ఆ పనిమనిషి చేతుల్నే. మణికట్టు దాకా ఉంది, తర్వాత అరచేయంత బోసి, దాని కింద ఆమె పిండుతున్న గుడ్డ కొస. అప్పుడు నాకు ఆరేళ్ళు, మా ఇంట్లోనూ మంచాల ఎత్తున బురద. అంత పెద్ద బొమ్మలో బాలింత దుప్పటి పోకూడదా, ఈవిడ చేతులే పోవాలా అని ఆ బొమ్మని చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది.

అలాంటి బోసిని ఎలా నింపాలో మా లాపో మాస్టారు మొదటిరోజే చెబుతారు. సన్నటి కుంచెతో నిలువు గీతలు గియ్యాలి, పక్కపక్కనే, వేల గీతలు. నాలుగడుగుల దూరం నుంచి చూస్తే చుట్టూ ఉన్న రంగులో కలిసిపోవాలి. దగ్గరికొస్తే మాత్రం, ఇది పాతాయన వేసింది కాదు, నేను వేశాను అని ఆ గీతలు ఒప్పుకోవాలి. అక్కడ ఏముండేదో తెలియనప్పుడు ఏదీ కల్పించకూడదు. కల్పించారా, సర్టిఫికెట్ రాదు, మూడేళ్ళ చదువు నీళ్ళపాలు. సర్టిఫికెట్ వస్తే హేరిన్‌కి ఊళ్ళోనే బొమ్మలు బాగుచేసే ఒక కార్ఖానాలో చోటు ఖాయం. రాకపోతే ఆ వేసవితో ఈ దేశంలో ఉండే అనుమతి చెల్లిపోతుంది, పెట్టె సర్దుకోవడమే.

గురువారం పరీక్షనగా ఆదివారం మధ్యాహ్నం, బడి తుడవడానికి వెళ్ళిన నన్ను హేరిన్ చెయ్యి పట్టుకుని బల్ల దగ్గరికి లాక్కెళ్ళి ముసుగు తీసింది.

"అమ్మ మరియమ్మా!" అన్నాను.

గీతల్లేవు. చేతులున్నాయి. ఉబ్బిన కణుపులు, నానిన గోళ్ళు, తలుపు సందున పడి వంకరపోయిన బొటనవేలు. ఆ బొటనవేలు ఎక్కడున్నా గుర్తుపడతాను.

"ఇవి నావే!"

"మీవే."

"ఓసి దొంగమొహందానా!" అని దాన్ని వాటేసుకున్నాను. ఏడుపొచ్చేసింది. నా చేతుల్ని తీరిగ్గా చూసినవాళ్ళు అప్పటిదాకా లేరు. మా ఆయన, దేవుడు ఆయన్ని చల్లగా చూడాలి, ఉంగరం తొడిగిన పూట చూశాడేమో.

కళ్ళు తుడుచుకున్నాక భయం పట్టుకుంది. "మరి నియమం మాటేంటే? మాస్టారు నిన్ను నమిలేస్తాడు."

"చేతుల్లేకుండా ఆవిడ ఎలా కూర్చుంటుంది, ఫోస్కమ్మా? ఒక్కసారి చూస్తే మాస్టారికే తెలుస్తుంది. చూశాక నమలమనండి."

ఆ సాయంత్రం గాల్లో తేలుతూ ఇంటికెళ్ళాను. వంటింట్లో గిన్నెలు తుడిచే గుడ్డ పిండుతూ, నా చేతుల్ని బొమ్మలో చూసినట్టు చూసుకున్నాను. అప్పుడు కనబడింది. నేను మెలితిప్పిన గుడ్డ మీద మడతలు కుడివైపుకి వాలుతున్నాయి. బొమ్మలో ఆ పాత గుడ్డ కొస మీద ఎటు వాలాయి? ఎంత ఆలోచించినా గుర్తురాలేదు. సోమవారం అందరికంటే ముందే వెళ్ళి చూశాను. ఎడమవైపుకి. నోరు మూసుకో ఫోస్కా, నీకెందుకు, అని నాకు నేనే చెప్పుకుని బకెట్ తీసుకున్నాను.

లాపో మాస్టారు వచ్చారు. డెబ్భై ఏళ్ళ మనిషి, నుదుటి మీద ఎప్పుడూ భూతద్దం. వంగి చూశారు. నిటారుగా నిలబడి చూశారు. మళ్ళీ వంగారు. మిగతా విద్యార్థులు నలుగురూ కుంచెలు పడేసి చుట్టూ మూగారు.

"ఇదేంటి హేరిన్?"

"చేతులండి."

"చేతులని తెలుస్తోందిలే తల్లీ. ఇక్కడ ఇవే ఉన్నాయని నీకెవరు చెప్పారు?"

అది తలొంచుకుంది. ఇక పిడుగు పడుతుందని నేను చీపురు గట్టిగా పట్టుకున్నాను. పడలేదు. ఆయన భూతద్దం తీసేసి కళ్ళు ఒత్తుకున్నారు.

"నలభై ఏళ్ళు గీతలు గీశాను," అన్నారు మెల్లగా. "ఒక్కసారైనా ఇలా వెయ్యాలని నాకూ ఉండేది. ఉంచు. వరదకి ముందు తీసిన పాత ఫొటో ఏదో దొరికిందని పరీక్షకులకి నేను చెప్పుకుంటాను."

ఇదేం చోద్యం! పచ్చి అబద్ధం, అదీ మా మాస్టారి నోట! హేరిన్ మొహం వెలిగిపోయింది. ఇంకేం, అంతా సర్దుకుంది. నేను పోయాక కూడా ఆ పల్లె చర్చిలో నా చేతుల ముందు కొవ్వొత్తులు వెలుగుతాయి. నాకది కావాలనిపించింది, అబద్ధమెందుకు ఆడాలి, చాలా కావాలనిపించింది. కానీ బొమ్మలో ఆ మూలన కూర్చున్నావిడ కూడా నాలాంటిదే కదా. ఆవిడకి మిగిలిందల్లా ఆ గుడ్డ కొస ఒక్కటే. పైగా గురువారం వచ్చేవాళ్ళలో ఇల్లు తుడిచిన మనిషి ఒక్కరున్నా చాలు, పిల్ల కొంప మునుగుతుంది.

"మాస్టారూ, ఆ చేతులు తప్పు," అన్నాను.

"నీ పని నువ్వు చూసుకో ఫోస్కా."

"నా పని గనకే చెబుతున్నాను!" బకెట్ తెచ్చి ఠక్కున స్టూలు మీద పెట్టాను. గుడ్డ ముంచి పిండాను. "మడతలు ఎటు వాలాయి?"

"కుడికి," అన్నాడొక విద్యార్థి.

"బొమ్మలో?"

అందరూ వంగి చూశారు. "ఎడమకి," అన్నాడు అతనే.

"ఇప్పుడు మీరు పిండండి, మాస్టారూ."

ఆయన ఆ గుడ్డని అప్పుడే పుట్టిన పిల్లికూనని పట్టుకున్నట్టు పట్టుకున్నారు. ఐదువందల ఏళ్ళ బొమ్మల గురించి అన్నీ తెలిసిన మనిషి, గుడ్డ పిండడం జీవితంలో అదే మొదలు. నీళ్ళన్నీ ఆయన బూట్ల మీదే పడ్డాయి. మడతలు మాత్రం ఎడమకే వాలాయి. పిల్లలు నవ్వుతూ ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కుని పిండారు. అందరికీ ఎడమకే. చివరికి హేరిన్ పిండింది, నవ్వకుండా. దానికీ ఎడమకే.

"ఆవిడ మీలాగా కుడిచేతి మనిషి, పిల్లా," అన్నాను. "నాది ఎడమచేయి. ఆ గుడ్డని నా చేతులు పిండలేవు."

అది బొమ్మనీ, నన్నూ మార్చి మార్చి చూసింది. నాలుక కరుచుకున్నాను, ఇప్పుడేం లాభం!

"మీకెప్పుడు తెలిసింది?"

"రాత్రి వంట దగ్గర."

"చెప్పకపోతే మీ చేతులు ఉండిపోయేవి కదా, ఫోస్కమ్మా."

"ఉండిపోయేవి. నా నోరు ఊరుకుంటేగా!"

మాస్టారు గొంతు సవరించుకున్నారు. "పోనీ, కుడిచేతివాళ్ళ చేతులు చూసి వేస్తావా?"

"ఎవరివి?" అంది హేరిన్.

హేరిన్ దూది తీసుకుంది. అది వేసింది నీళ్ళరంగులతో, తడి దూదికి వచ్చేస్తాయి. గిన్నె నేనే పట్టుకున్నాను. ముందు బొటనవేలు పోయింది, తర్వాత కణుపులు. ఎవరైనా చూస్తారన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చాను. అదీ ఏడుస్తూనే తుడిచింది. పావుగంటలో మళ్ళీ తెల్లటి బోసి మిగిలింది.

ఆ రోజు నుంచి బుధవారం సాయంత్రం దాకా అది కుర్చీలోంచి లేవలేదు. గీత పక్కన గీత. బండి మీద అమ్మే ఉడికించిన పేగులు కూరిన రొట్టె తెచ్చిస్తే ఎడమచేత్తో తిని, కుడిచేత్తో గీసింది. మాస్టారు నా పక్కన నిలబడి, "ఇంటికెళ్ళి మా ఆవిడకి చెప్పాను గుడ్డ సంగతి. ఇన్నాళ్ళకి తెలిసిందా అని నవ్వింది," అన్నారు. ఆవిడ చోట నేనైతే ఇంకా చాలా మాటలనేదాన్ని.

గురువారం ముగ్గురు పరీక్షకులొచ్చారు. వాళ్ళలో పెద్దావిడ, తెల్లజుట్టు మనిషి, బొమ్మకి నాలుగడుగుల దూరంలో నిలబడింది. తర్వాత ముక్కు ఆనేంత దగ్గరికెళ్ళింది.

"అమ్మాయ్, మణికట్లు ఉన్నాయి, గుడ్డ కొస ఉంది. చేతులు వెయ్యడం నీకు కష్టం కాదు. ఎందుకు వెయ్యలేదు?"

నేను గుమ్మం దగ్గర బకెట్‌తో నిలబడ్డాను.

"నాకు బాగా తెలిసినవి ఒక్కరి చేతులేనండి," అంది హేరిన్. "ఈవిడవి తెలియవు."

పెద్దావిడ కాగితం మీద సంతకం పెట్టింది. మిగతా ఇద్దరూ పెట్టారు. కలం మూత పెడుతూ ఆవిడ అడిగింది, "ఇంతకీ ఆ ఒక్కరూ ఎవరు?"

హేరిన్ గుమ్మం వైపు చూసింది. అందరూ తిరిగారు. నా ఎడమచేయి దానంతటదే ఏప్రన్ జేబులోకి దూరింది. యాభై ఏళ్ళకి పైబడిన అలవాటు మరి. దాన్ని బయటికి తీశాను, గుడ్డ ముంచి, నా మెలిక నేను తిప్పి పిండాను. పెద్దావిడ దగ్గరికొచ్చి, మడతల్ని కాదు, నా చేతుల్ని చాలాసేపు చూసింది. నేను దాచుకోలేదు.