సున్నపు గోడ మీద ఎర్రనీళ్లు

సిద్దిపేట పాత బజార్లో ఎవరినైనా అడగండి, ఆ రోజుల్లో దవాఖాన గడప తొక్కని మగవాడు ఒక్కడే ఉండేవాడు. పప్పుల దుకాణం సిద్ధిరాములు. ఆయన కడుపు కడుపు కాదు, ఇసుర్రాయి. తొగుటలో ఒక విందుకు పోతే వడ్డించేవాళ్లు అలిసిపోయి అరుగు మీద కూలబడ్డారు గాని, ఆయన మాత్రం విస్తరి మడవలేదు. గులకరాయి మింగినా తెల్లారేసరికి పిండై బయటికి పోతుందని ఆయనే చెప్పుకునేవాడు.

పిండి కావడం దాకా నిజమే అయి ఉంటుంది. బయటికి పోవడం దగ్గరే వచ్చింది చిక్కంతా.

రోజూ తెల్లారగట్ల సిద్ధిరాములు చెంబు పట్టుకొని చెరువు దిక్కు పోయేవాడు. ఆయన తర్వాత వచ్చినవాళ్లు పని ముగించుకొని, పండ్లు తోముకొని, ఊరి సంగతులన్నీ మాట్లాడుకొని ఇళ్లకు మళ్లేవాళ్లు. ఈయన తుమ్మ పొదల చాటున ఇంకా కూర్చునే ఉండేవాడు. ఉత్త పుణ్యానికి. ఆలస్యమెందుకైందని భార్య భారతమ్మ అడిగితే, దోస్తులు ముచ్చట్లు పెట్టి విడిచిపెట్టలేదనేవాడు. కడుపు డోలులా బిగుసుకొని, తల దిమ్మెక్కి, మధ్యాహ్నానికి గద్దె మీద కూర్చోలేకపోయేవాడు. అయినా ఎవరైనా విందుకు పిలిస్తే పేరు పోతుందని మళ్లీ పోయి తినేవాడు.

ఎనభై ఏడులో వానాకాలం చివర ఇక తట్టుకోలేక, తలకు తువ్వాల కప్పుకొని సామ్యూల్ డాక్టరు దగ్గరికి పోయాడు. అదిగో, గడప తొక్కని మగవాడు గడప తొక్కాడు. డాక్టరు కడుపు నొక్కి చూసి మాత్రలు రాసిచ్చాడు.

"పడుకునే ముందల ఒక్కటే వేస్కో. మొదట్ల కడుపుల మెలిపెడ్తది, భయపడకు. ఇంకొక ముచ్చట, రంగు..."

అంతలో తెలిసిన మనిషి ఎవరో లోపలికొస్తున్న అలికిడైంది. డాక్టరు మాట ముగిసేలోపే సిద్ధిరాములు చెప్పుల్లో కాళ్లు దూర్చి వెనక తలుపు గుండా మాయమయ్యాడు.

మాత్రలను దుకాణంలో శనగపప్పు డబ్బా అడుగున దాచాడు. అవి పనిచేశాయి. పనిచేయడమంటే అట్లా ఇట్లా కాదు. ఒక పొద్దున ఆయన చెరువు కట్ట మీదుగా తిరిగొస్తుంటే, సెలవులకు బడి విడిచిన పోరగాడంత తేలికగా ఉంది ఒళ్లు. సామ్యూల్ సారు పిల్లాపాపలతో చల్లగా ఉండాలని దారి పొడుగునా దీవించుకుంటూ వచ్చాడు. మెలిపెట్టడం కూడా డాక్టరు చెప్పినట్టే జరిగింది. కందిపప్పు తూస్తూ తూస్తూ తక్కెడ గాల్లో ఆపేసి, కళ్లు మూసుకొని, పెదవి కరుచుకునేవాడు. కొనేవాళ్లు తూకంలో ఏదో జరుగుతోందని ముల్లు వంక చూసేవాళ్లు.

దసరా దగ్గరికొచ్చింది. భారతమ్మ ఇల్లంతా సున్నం వేయించింది. పెరట్లో తమకూ లింగవ్వకూ మధ్యనున్న గోడకు కూడా వేయించింది. లింగవ్వ పక్కింటావిడ. బర్రెను సాకేది. భారతమ్మకు అక్క వరస. భారతమ్మ కాపురానికొచ్చిన నాటి నుంచీ ఆ గోడ మీది నుంచే రోజూ సల్ల ముంత వచ్చేది. ఏటా బతుకమ్మ పండుగ ఆఖరున సద్దుల నాడు ఆ ఇద్దరూ ఒకే తాంబాలంలో ఒకటే బతుకమ్మను పేర్చేవాళ్లు. విడివిడిగా పేర్చడం అన్నది ఆ పెరళ్లకు తెలియదు.

సున్నం వేసిన మర్నాడు పొద్దున్నే భారతమ్మ పెరట్లోకి పోయి నిలబడిపోయింది. వాడిన నీళ్లు పోయే మోరి పక్కన, గోడ అడుగున, తెల్లటి సున్నం మీద ఎర్రటి చిమ్ములు. కడిగింది. పైన సున్నం పూసింది. తెల్లారి మళ్లీ ఎర్రగా ఉంది.

పసుపునీళ్లలో సున్నం కలిపితే నెత్తురులా ఎర్రబడతాయి. మనిషికో గొడ్డుకో వాటితో దిష్టి తీసి, బాటలు కలిసేచోట పారబోస్తారు. ఒకరింటి మీద పోస్తే ఆ కీడంతా ఆ ఇంటికి చుట్టుకుంటుందని భయం. ఆ వారమే లింగవ్వ బర్రె పాలు ఎగబట్టింది. లింగవ్వ దానికి దిష్టి తీసింది. భారతమ్మ ఆ రెంటినీ కలుపుకుంది.

"అక్కా, మొన్న బర్రెకు దిష్టి తీసినవ్ గదా. ఆ నీళ్లు యాడ వోసినవ్?"

"మూడు బాటల కాడ. ఇంకేడ వోస్తరు?"

"మరి మా గోడ మీదికి నడుసుకుంట వచ్చినయా?"

గోడ అవతలి నుంచి లింగవ్వ గొంతు మెల్లగా వచ్చింది. "ఇన్నేండ్లు నీకు సల్ల వోసిన సెయ్యి ఇది. ఇదే సేత్తోని నీ ఇంటి మీద కీడు వోస్తనానే? మంచిగన్నవ్ చెల్లె. ఈయేడు నీ బతుకమ్మ నువ్వు పేర్సుకో, నాది నేను పేర్సుకుంట."

సల్ల ముంత రావడం ఆగిపోయింది. సిద్ధిరాములుకు జొన్నరొట్టె గొంతు దిగలేదు. ఏం జరుగుతోందో ఆయనకూ అంతుపట్టలేదు. ఆయన పెరట్లోకి పోయేది ఇంకా మసక తొలగకముందు. అప్పుడు గోడకు రంగెక్కడ కనిపిస్తుంది?

సద్దులు రేపనగా మధ్యాహ్నం అన్నానికి ఇంటికొచ్చి, మోరి పక్కన గోడకు ఎదురుగా నిలబడ్డాడు. మిట్ట ఎండ. ధార తగిలిన చోటల్లా సున్నం కుంకుమలా ఎర్రబారింది.

ఇసుర్రాయి లాంటి మనిషి వంగి గోడను దగ్గరగా చూశాడు. తన లోపలి నెత్తురే అట్లా పోతోందనుకున్నాడు. తను పోతే దుకాణం ఎట్లా, భారతమ్మ ఎట్లా అనుకున్నాడు. ఆ తర్వాతే తట్టింది. పాపం, లింగవ్వ ఏ నీళ్లూ పోయలేదు.

ఈసారి తలకు తువ్వాల లేకుండానే దవాఖానకు పరుగెత్తాడు. సామ్యూల్ డాక్టరు అంతా విని, గాజుగొట్టంలో మూత్రం పట్టించి వెలుతురుకు పెట్టి చూశాడు. మామూలు పసుపు రంగే.

"నీ కాడ సున్నం డబ్బి ఉంటది గదా, ఇటియ్యి" అన్నాడు.

సిద్ధిరాములు నడుముకు దోపుకున్న తమలపాకుల సంచిలోంచి డబ్బి తీసిచ్చాడు. డాక్టరు పుల్లతో ఇంత సున్నం గొట్టంలో వేసి ఆడించాడు. నీళ్లు ఎర్రబడ్డాయి.

"నెత్తురు గాదు. గోలిల మందు గిట్ల బయటికి దిగుతది, సున్నం తాకంగనె ఎర్రగైతది. గదే రంగు సంగతి చెప్తుంటె ఉరికితివి."

"అంటే నేను సస్తలేనా సారూ?"

"ఇప్పట్ల లేదు. ఇగ గోలీలు తగ్గియ్యి, తర్వాత బందుజెయ్యి. నీళ్లు తాగు, ఆకుకూర తిను, బొప్పాయి తిను. విందుల్ల పందాలు మాత్రం ఇయ్యాల్టి నుంచే బంద్."

బతికి బయటపడ్డ సంతోషంలో సగం దూరం వచ్చాక సిద్ధిరాములు నడక నెమ్మదించింది. గోలీలు మానేస్తే గోడ దానంతటదే తెల్లగా ఉంటుంది. ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. పేరు పేరుగానే ఉంటుంది. కాని లింగవ్వ మీద పడ్డ మచ్చ ఏ సున్నానికి పోతుంది?

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారి చూస్తే పెరట్లో భారతమ్మ తంగేడు, గునుగు పూల కుప్ప ముందు ఒంటరిగా కూర్చుంది. గోడకు అవతల లింగవ్వ ముందు మరో కుప్ప. సిద్ధిరాములు మాత్ర ఒకటి, గ్లాసెడు నీళ్లు, సున్నం డబ్బి తెచ్చుకొని గోడ దగ్గర నిలబడ్డాడు.

"వదినా, ఒకపారి గీడికి రా."

"ఎందుకు మర్దీ, ఇంకేమన్న ఎర్రగైందా?"

"కాలే. నువ్వు సూస్తుండంగనె అయితది."

లింగవ్వ గోడ మీదుగా తొంగి చూసింది. ఆయన మాత్రను నలిపి నీళ్లలో వేశాడు. సున్నం కలిపాడు. గ్లాసు ఎర్రబారింది.

"ఇదేం మాయ?" అంది భారతమ్మ.

"మాయ గాదు, మందు. నాకు పొద్దుగాల సాఫ్‌గ కాదు. ఏండ్ల సంది."

"ఏండ్ల సందా? మరి సెర్వు కాడ దోస్తులు ముచ్చట్లు వెడ్తున్నరని చెప్తివి?"

"దోస్తులు లేరు. నాతోని నేనే వెట్టుకున్న."

"మరి ఈ గోడ?"

సిద్ధిరాములు మోరి వైపు చూశాడు. తర్వాత నేల వైపు చూశాడు. ఆడవాళ్లిద్దరూ గోడను చూశారు, గ్లాసును చూశారు, ఆయన్ను చూశారు. ముందుగా లింగవ్వే నవ్వింది. గోడ పట్టుకొని, ఊపిరాడక, కండ్లనీళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

"గులకరాళ్లు పిండి జేస్తనంటివి మర్దీ. ఇప్పుడు గోడలకు రంగులేసుడు గూడ షురూ జేసినవా?"

భారతమ్మ లేచి గోడ మీది నుంచి లింగవ్వ చెయ్యి పట్టుకుంది. "అక్కా, నా నోరు మంచిది గాదు."

"నీ నోటి సంగతి నాకెర్కలేదానే. నా పువ్వులు అందుకో. పొద్దెక్కుతుంది."

ఆ ఏటి బతుకమ్మను లేపడానికి వాడకట్టు ఆడవాళ్లంతా చెయ్యి వేయాల్సి వచ్చింది. లింగవ్వ బర్రె ఆ సాయంత్రమే పాలు చేపింది. సిద్ధిరాములు పేరు మాత్రం ఊరంతా పోయింది. పప్పు కొనే వంకతో మగవాళ్లు తలకు తువ్వాల కప్పుకొని వచ్చి, సామ్యూల్ డాక్టరు దవాఖాన వెనక తలుపుకు దారి అడగడం మొదలుపెట్టారు. సిద్ధిరాములు తక్కెడ పక్కకు పెట్టి, వీధి మలుపు దాకా వెంట పోయి చూపించి వచ్చేవాడు. ఆ మోరి మూలన పాయఖాన కట్టించాడు. పొద్దున్నే అందులోంచి బయటికొచ్చి ఒక దండం దేవునికి, ఒక దండం సామ్యూల్ సారుకు, ఒక దండం గోడ అవతలి సల్ల ముంతకు పెట్టేవాడు.

ఇందులో నేను కల్పించింది ఒక్కటే. బర్రె కాదు, బర్రె నిజంగానే చేపింది. బతుకమ్మ కూడా అంత ఎత్తే. లింగవ్వ మాత్రం ఆ పొద్దున నవ్వలేదు. ఎర్రబడ్డ గ్లాసును చూసి, గోడకు ఆనుకొని కూర్చొని, చాలాసేపు ఏడ్చింది. నవ్వింది మర్నాడు, సల్ల ముంత అందిస్తూ.