తీతువు ఎవరిని చూసి అరిచింది

పోదనూరు దగ్గర ఒక పంపుల ఫ్యాక్టరీలో గోపిక పదిహేడేళ్లు మోటార్లు పరీక్షించింది. తిరుగుతున్న మోటారుకి స్క్రూడ్రైవరు మొన ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వినేది. ఏ బేరింగు అరిగిందో, ఎక్కడ గ్రీజు తక్కువైందో అలా విని చెప్పేసేది. నలభై రెండో ఏట ఆ చెవుల్లోనే ఒక మోత మొదలైంది. మోటార్లన్నీ ఆపేసినా అది ఆగేది కాదు. సన్నగా, తీగ సాగదీసినట్టు, ఎడతెరిపి లేకుండా. మూడు నెలలు ఫ్యాక్టరీ వైపు వెళ్లొద్దన్నాడు డాక్టరు. భర్త నరసింహన్ ఆమెను ఆండిపట్టి దగ్గర ఆమె మేనత్త రామక్కాళ్ ఇంట్లో దింపి వెళ్లాడు. చేను మధ్యలో ఇల్లు, బస్సుల రొద ఉండదు, చెవులకు విశ్రాంతి దొరుకుతుందని.

దొరకలేదు. చుట్టూ చప్పుడు లేకపోయేసరికి లోపలి మోత ఇంకా పెద్దదైంది. కూర్చున్నా వినబడేది, పడుకున్నా వినబడేది. నడిస్తే మాత్రం కాస్త మరుగున పడేది. అందుకని గోపిక నడిచేది. తెల్లవారుతూనే ఒకసారి, పొద్దు వాలాక ఒకసారి, బోరు దగ్గర బయల్దేరి రాళ్ల బీడు మీదుగా మొక్కజొన్న చేను దాకా, మళ్లీ వెనక్కి. ఎన్నిసార్లు తిరిగేదో ఆమెకే తెలియదు. కాళ్లు నొప్పెట్టేదాకా తిరిగేది.

ఆమె వచ్చిన పదో రోజున బీడులో తీతువు అరవడం మొదలుపెట్టింది.

"విన్నావా గోపీ? తీతువు!" అంది రామక్కాళ్, చేతిలో చేట పక్కన పెట్టేసి. "మీ మామ పోయేదానికి ముందర కూడా ఇట్లే అరిచింది. ఇప్పుడు ఈ పిల్ల కాన్పుకి వచ్చిన టైములోనా ఇది వచ్చేది!"

ఆమె కూతురు ఆనందికి ఎనిమిదో నెల. తొలి కాన్పు. తల్లి మాట విన్న దగ్గర్నుంచి ఆ పిల్ల అన్నం సరిగ్గా తినడం మానేసింది. పిట్ట కూసిన ప్రతిసారీ చెయ్యి పొట్ట మీదికి పోయేది.

"వదినా, అది నిజంగానే సావు చెప్పేదా?" అని అడిగింది ఒక సాయంత్రం.

"మోటారు గరగరా సత్తం చేస్తే దానికి ఒక కారణం ఉంటాది. ఊరికే, సుమ్మా చెయ్యదు. దీనికీ ఉంటాది. నేను కనుక్కుంటా ఉండు," అంది గోపిక.

అన్నాక ఆమెకు చేతులు ఊరుకోలేదు. ఆనంది పాత కాలేజీ నోటుబుక్కు ఒకటి తీసుకుంది. ఫ్యాక్టరీలో మోటారు నంబరు పక్కన చప్పుడు ఎలా ఉందో రాసినట్టే, పిట్ట అరిచినప్పుడల్లా టైమూ, ఎలా అరిచిందీ, అప్పుడు బీడులో ఏముందీ రాయసాగింది. నాలుగు రోజుల్లో కొన్ని తేలాయి. కాకి వస్తే రెండు పిట్టలూ లేచి, పొట్టిపొట్టిగా గదమాయిస్తూ తరుముతాయి. కుక్క వస్తే ఒకటి దాని తల మీదికి దూకుతుంది, గొంతు బొంగురుపోతుంది. ఆవులు వస్తే అసలు ఎగరదు. నేల మీదే రెక్కలు విప్పుకుని అడ్డం నిలబడుతుంది. గద్ద నీడ కనబడితే ఒకే ఒక్క సన్నని కూత, ఆ తర్వాత ఏమీ ఉండదు.

ఇవన్నీ సరిపోయాయి. ఒక్కటి మాత్రం లెక్కకు అందలేదు. అన్నిటికంటే పెద్ద అరుపు, ఇంట్లో ఆనందిని ఉలిక్కిపడేలా చేసేది, తెల్లవారుజామున ఒకసారి, పొద్దు వాలాక ఒకసారి వచ్చేది. మొదట దూరం నుంచి ఒక్కో కూత, తర్వాత దగ్గరదగ్గరగా, చివరికి తల మీద గిరగిరా తిరుగుతూ ఆపకుండా. ఆ టైముల్లో బీడులో కుక్క ఉండదు, ఆవు ఉండదు. గోపిక ఒక్కో పొదా వెతికింది. పాము ఉందేమోనని కర్రతో కొట్టి చూసింది. ఆమె ఎంత వెతికితే పిట్ట అంత అరిచింది. నోటుబుక్కులో ఆ వరుస ఖాళీగానే ఉండిపోయింది. ఆమెకు చిరాకు ముదిరింది. వినడమే పని అయిన తనకు ఒక పిట్ట గొంతు అంతుపట్టలేదు.

ఆ వారం ట్రాక్టరు గోవిందరాజ్ వచ్చాడు. వాన పడగానే ఏ చేను ముందు దున్నాలో మాట్లాడడానికి.

"ముందు ఆ బీడు దున్నెయ్యి గోవిందరాజూ," అంది రామక్కాళ్. "ఆ పిట్ట ఆడే యాడనో గుడ్లు పెట్టుండాది. గుడ్లు పోతే అదీ పోతాది."

"యాపిట్ట? ఆళ్‌కాట్టియా?" అన్నాడతను నవ్వుతూ. "దానికి ఏంటికక్కా భయం? పేరే చెప్తా ఉండాది కదా. ఆళ్ వస్తే కాట్టి ఇస్తాది, అంతే."

ఆళ్‌కాట్టి. తీతువుకి తమిళ పేరు, మనిషిని చూపించేది. గోపిక తమిళ బళ్లోనే చదువుకుంది. ఆ మాట చిన్నప్పట్నుంచీ తెలుసు. విడదీసి ఎప్పుడూ చూడలేదు.

"ఏ ఆళు అన్నా?" అంది. "పొద్దున్నే బీడులో ఎవరూ ఉండరే. నేను ఒక్కతే..."

గోవిందరాజ్ టీ గ్లాసు దించి ఆమె వైపు చూశాడు. గోపిక లేచి లోపలికి పోయి నోటుబుక్కు తెరిచింది. తెల్లవారి ఆరు. సాయంత్రం ఆరున్నర. తెల్లవారి ఐదున్నర. అన్నీ తను నడిచిన టైములే. దూరం నుంచి దగ్గరికి వచ్చింది పిట్ట కాదు, తను.

అయినా పరీక్షించకుండా నమ్మే మనిషి కాదు. మర్నాడు బీడు వైపు పోలేదు. అరుగు మీద కూర్చుంది. అది ఆమెకు అన్నిటికంటే కష్టమైంది. చెవుల్లో మోత తల పగలగొట్టేలా ఉంది. కాలు ఆడిస్తూ, వేళ్లు నలుపుకుంటూ, రెండుసార్లు లేచి మళ్లీ కూర్చుంది. పిట్ట ఆ పెద్ద అరుపు అరవలేదు. రెండో రోజూ అరవలేదు. మూడో రోజు రామక్కాళ్ పాలు పిండుకుని వస్తూ, "ఏమి, మూడు దినాలుగా సత్తమే లేదు. పోయిందా పీడ?" అంది.

"పోలేదత్తా. ఆడే ఉండాది. అది ఇన్నాళ్లూ నన్ను చూసి అరిచింది. గుడ్ల పక్కనే నేను తిరుగుతా ఉంటే పాపం ఏమి చేస్తాది?"

రామక్కాళ్ పాలచెంబు అరుగు మీద పెట్టింది. "అంటే మా పిల్లని ఇన్నాళ్లూ భయపెట్టింది నువ్వా?"

"నేనే అత్తా."

లోపల్నుంచి ఆనంది నవ్వు వినబడింది. ఆగకుండా నవ్వింది. నవ్వి నవ్వి, నడుం పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది. రామక్కాళ్‌కి మాత్రం నవ్వు రాలేదు. "ఎట్ల అయినా అది తీతువే," అని లోపలికి పోయింది.

పది రోజులకు వాన పడింది. మర్నాడు పొద్దున్నే ట్రాక్టరు వచ్చేసింది. గూడు ఎక్కడుందో ఎవరికీ తెలియదు. రాళ్ల మధ్య రాళ్ల రంగు గుడ్లు.

"ఒక్క పది నిమిషాలు ఆగన్నా," అని గోపిక బీడులోకి దిగింది. ఈసారి కళ్లతో వెతకలేదు. నాలుగు అడుగులు వేసి ఆగి వింది. ఒక్కో కూత. ఎడమకు తిరిగింది. కూతలు పలచబడ్డాయి. కుడికి తిరిగింది. దగ్గరదగ్గరగా, కోపంగా, తల మీదికి వచ్చేశాయి. ఇంకో మూడు అడుగులు. పిట్ట దూకిన గాలి జుట్టుకు తగిలింది. ఆమె ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆపింది. పాదానికి జానెడు దూరంలో, చిన్న గుంటలో మూడు గుడ్లు, ఒక పగిలిన పెంకు. నాలుగో గుడ్డు కాకి పాలైనట్టుంది.

నాలుగు వైపులా నాలుగు కంప పుల్లలు గుచ్చి వచ్చేసింది. గోవిందరాజ్ ఆ మంచమంత చోటు వదిలి చుట్టూ దున్నాడు. చక్రాలు దగ్గరికి వచ్చినప్పుడు పిట్ట ఎగరలేదు. ఆవులకు నిలబడినట్టే రెక్కలు విప్పుకుని నిలబడింది. రామక్కాళ్ అరుగు మీద నుంచి అది చూసింది. వద్దని మాత్రం అనలేదు.

ఆనందికి తేని టౌను ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా బాగున్నారు. ఇంటికి వచ్చిన రెండో రోజు సాయంత్రం, బిడ్డ నిద్రపోయాక, గోపిక పక్కన అరుగు మీద కూర్చుంది ఆనంది. దున్నిన చేను అంచున తీతువు నడుస్తోంది. వెనక మిగిలిన రెండు పిల్లలు, దూదిముక్కల్లా, కాళ్లు మాత్రం పొడవు.

"పిల్లలు ఎంత సన్నగా అరుస్తా ఉండాయి వదినా!" అంది ఆనంది.

గోపిక తల తిప్పి వింది. ఊపిరి బిగబట్టి వింది. చెవిలో మోత తప్ప ఏమీ లేదు.

"నాకు వినబడలేదే," అంది మెల్లగా. "ఎప్పుడు అరిచాయి?"

ఆనంది ఆమె ముఖం చూసింది. తర్వాత ఆమె మణికట్టు మీద చెయ్యి వేసింది. "ఇదో, ఇప్పుడు," అని వేలితో తట్టింది.

గోపిక చూసింది. తల్లి మెడ తిప్పి వెనక్కి చూసి ఆగింది. వెనకబడిన పిల్ల పరుగెత్తుకుంటూ వచ్చి దాని రెక్క కిందికి దూరింది.

"మళ్లీ అరిస్తే చెప్పు," అంది గోపిక. ఆనంది మళ్లీ తట్టింది.