మూడో వలయం మీది నలుపు

వంకర, అవును, నెలవంకలా వంకరగా తెర మీద కుడి మూలన ఆ మరక, కెమెరా ముందు పెట్టిన వేడిపలకను పక్కకి జరిపితే తానూ జరిగేది, పలక తీసేస్తే మాయమయ్యేది, వారం నుంచి కళ్లు మూసుకున్నా అదే, మూడింటికి సమీక్ష, రేపు ఈ అడవిమంటల కెమెరాని ఉపగ్రహానికి బిగించడానికి పంపాలి, పెద్దాయన నిన్ననే అన్నారు, ఏముందమ్మా, ఆ మరకని లెక్కలో తీసేస్తే సరి, రాకెట్ మన కోసం ఆగుతుందా, ఆగదు సార్, కానీ ఆ మూల తీసేస్తే అక్కడ నిజంగా రాజుకునే చిన్న మంట కూడా దాంతో పాటే పోతుంది, అడవి కాపలా అధికారి ఒకసారి వచ్చి మా బొమ్మలన్నీ ఓపిగ్గా చూసి, ఇవన్నీ నాకు తెలీవు గాని తల్లీ, చుక్క కనిపిస్తే నా మనుషుల్ని కొండెక్కించాలా వద్దా, అంతే చెప్పండి అన్నాడు, అంతే, అది చెప్పలేకపోతే ఇదంతా ఎందుకు.

పొద్దున పాలు పొంగిపోయాయి, నేను స్టవ్ పక్కనే ఉన్నాను, గిన్నె వైపే చూస్తున్నాను, ఆడపడుచు పరిగెత్తుకొచ్చి కట్టేసి, మా వదినకి ఆకాశం నుంచి మంట కనిపిస్తుంది గాని మూరెడు దూరంలో పాలు కనిపించవమ్మా అంది, అత్తయ్య నవ్వాపుకుంటూ గుడ్డ అందించింది, నేనూ నవ్వాను, తుడుస్తూ అనుకున్నాను, దీపం ఆర్పేస్తే మామూలు కెమెరాకి చీకటే, మా కెమెరాకి చీకటనేదే లేదు, గోడ, బల్ల, నా చెయ్యి, అన్నీ తమ వేడితో తామే వెలుగుతుంటాయి, అందుకే దాని గొట్టంలో వరసగా నల్లటి వలయాలు, పక్కనుంచి దొంగచాటుగా దూరే వెలుగుని మింగేయడానికి, అందులో ఏదో ఒకటి మింగట్లేదు, వారం నుంచి బయట నిలబడి టార్చి వేసి వెతుకుతున్నాం, గొట్టం వెనక, వేడిని పసిగట్టే డిటెక్టర్ ఉండే చోట నుంచి కదా చూడాల్సింది.

అందుకే ఆఫీసుకి వచ్చీ రాగానే డిటెక్టర్‌ని విప్పించాను, ఫిట్టర్ గొణుక్కున్నాడు, సమీక్ష రోజున విప్పడమేంటి మేడం, పెద్దాయన నా తోలు తీస్తారు, నా పేరు చెప్పండి అన్నాను, నా తోలు తీస్తారు, మీది అలాగే ఉంటుంది, నవ్వి స్క్రూలు తీశాడు, ఆ ఖాళీలో చేతి థర్మల్ కెమెరా పెట్టి వెనక నుంచి ముందుకి చూస్తున్నాను, పలక జరపండి, ఇంకొంచెం, ఆపండి, ఒకటో వలయం నలుపు, రెండోది నలుపు, మూడోదాని కింది అంచున గోరంత మేర అద్దంలా తళతళలాడుతోంది, దొరికిందా మేడం, దొరికింది.

మూడో వలయం, కింది అంచు, ఎనిమిది నెలల కిందట అక్కడే రంగు చెక్కు లేచింది, రంగులు వేసే బాబాయ్ బ్రష్ పట్టుకుని అడిగాడు, వేడిని మింగే మన రంగు డబ్బా అయిపోయిందమ్మాయ్, కొత్తది ఎల్లుండి గాని రాదు, ఈ మామూలు నలుపు పూసేయనా, నాకు ఆ సాయంత్రమే గొట్టం మూయించాలని తొందర, పూసేయండి బాబాయ్, గోరంతేగా, ఆరాక టార్చి వేసి చూశాను, చక్కగా నల్లగా ఉంది, సంతకం పెట్టాను, కంటికి నలుపైనది వేడికి అద్దం కావచ్చని కొత్తగా చేరిన వాళ్లకి ఏటా పాఠం చెప్పేది నేనే.

బాబాయ్ పోయిన నెలే రిటైరయ్యాడు, ఆయన మీదికి నెట్టడం ఎంతసేపు, పాతకాలం మనిషి, ఏదో పూసి ఉంటాడు అంటే అందరూ తలూపుతారు, ఛీ, ఆయన అడిగాడు, ఒప్పుకున్నది నేను.

వరండాలో నడుస్తున్నాను, ఇంకో పది అడుగుల్లో సమీక్ష గది, గొట్టం విప్పాలి సార్, ఆరు వారాలు పడుతుంది, అంటే పెద్దాయన ఏమంటారో తెలుసు, ఒక్క చేతి కెమెరా చూసి విప్పేస్తామా, అది నీ అనుమానం కదమ్మా అంటారు, చెప్పే వరస మార్చాలి, విప్పడం తర్వాత, ఆరు వారాలు తర్వాత, ముందు, కూర్చోకముందే, అక్కడ వేరే రంగు వేయించింది నేనే అని చెప్పాలి, ఆ మాట తర్వాత దీన్ని ఎవరూ అనుమానం అనలేరు.