కిటికీలో తాకియో

మా కబుగాన్‌లో ఎవరినడిగినా వాళ్ళ తాత ఆ ఇల్లు మోసినవాడే. నిజంగా అంతమందీ భుజం పెట్టి ఉంటే ఇల్లేం ఖర్మ, చర్చి కూడా లేచొచ్చేది.

సముద్రం ఒడ్డును కొరుక్కు తిన్న ఏడు, మా ఊరు తన ఇళ్ళన్నిటినీ వెదురు వాసాల మీదకెత్తి కొండమీదికి మోసుకుపోయింది. వెదురు గోడలు, ఆకు కప్పు. అయినా ఇల్లు ఇల్లే, బరువు బరువే. అన్నిటికన్నా చివర మోసింది మంత్రసాని తెయాంగ్ ఇల్లు. ఆ సంగతిని బొమ్మల సినిమాగా తీద్దామని పట్నంలోని టీవీ కేంద్రం నుంచి రోవెనా అనే పిల్ల వచ్చి, చేపల సంఘం షెడ్డులో కెమెరా, దీపాలు పెట్టుకుని కూర్చుంది. అట్టబొమ్మను వెంట్రుకవాసి జరిపి ఒక ఫోటో తీయాలి, మళ్ళీ జరిపి మరొకటి. పొద్దుటినుంచి జరిపితే మధ్యాహ్నానికి బొమ్మ గడప దాటుతుంది. మావాళ్ళకు ఈ పని భలే నచ్చింది. పనిచేస్తున్నట్టూ ఉంటుంది, కూర్చున్నట్టూ ఉంటుంది.

రోవెనా చేసిన పొరపాటల్లా, ఎవరి పెద్దవాళ్ళ బొమ్మలు వాళ్ళే చేసుకురండి అనడం. ఒక్కో ఇంటివాళ్ళూ తమ తాతను పక్కింటి తాతకంటే ఓ వేలెడు పొడుగ్గా కత్తిరించారు. లోలా బసీలియా అయితే తన తండ్రి మమెర్తోను కొబ్బరిచెట్టంత చేసి తెచ్చింది. నాయనమ్మ వయసు ఆడవాళ్ళను మేం లోలా అంటాం; ఈ లోలాకు ఎదురు చెప్పేవాళ్ళు ఊళ్ళో తక్కువ. తీరా వాసాలు బొమ్మల భుజాలమీద పెడితే ఇల్లు ఒక మూల ఆకాశంలో, ఇంకో మూల నేలమీద. కప్పు జారి రోవెనా కాఫీలో పడింది. చివరికి మీటింగు పెట్టి, భుజం దాకా అందరిదీ ఒకటే ఎత్తు, భుజం పైన ఎవరిష్టం వాళ్ళది అని తేల్చారు. మర్నాటికి బొమ్మల మెడలన్నీ కొంగమెడలయ్యాయి.

ఈ గొడవలో నోరు విప్పనిది లోలా సెలెస్తీనా ఒక్కతే. ఆమె తండ్రి తాకియో ఆ ఇంటిని మోయలేదు. ఇల్లే అతన్ని మోసింది. అందరూ వాసాల కింద భుజాలు పెడుతుంటే అతను వెనకనుంచి లోపలికి దూరి, ముందు కిటికీలో కాళ్ళు వేలాడేసుకుని, గిటారు వాయించుకుంటూ కొండ చేరాడు. అప్పటికి సెలెస్తీనా పుట్టనే లేదు. అయినా బడిలో ఆమెను ‘కూర్చున్నవాడి కూతురు’ అనే పిలిచారు. ఆమె పెళ్ళిలో కుర్చీ జరిపినవాడు కూడా, కూర్చోవడం మీకలవాటేగా అన్నాడు. నోటిమాటగా ఉన్నన్నాళ్ళూ ఎలాగో ఓర్చుకుంది. ఇప్పుడది సినిమా అవుతోంది. బడిలో ఏటా వేస్తారట. తన మునిమనవలను కూడా అదే పేరుతో పిలుస్తారన్న దిగులు ఆమెకు పట్టుకుంది.

ఓ పొద్దున ఆమె గంపెడు సుమాన్ ఉడికించి షెడ్డుకు తెచ్చింది. అరిటాకు విప్పగానే కొబ్బరిపాలలో ఉడికిన బంకబియ్యం వాసనకు పని ఆగిపోయింది. అందరి నోళ్ళూ నిండి, కాదనడానికి వీల్లేని సమయం చూసి, సంచిలోంచి ఒక బొమ్మ తీసింది. నడుం వంచి, భుజం ముందుకు పెట్టి, నుదుటిమీద చెమటచుక్కలు కూడా దిద్దిన మనిషి.

“మా నాన్న. ముందు వాసం కింద పెట్టమ్మా.”

బసీలియా గబగబా మింగింది. “ఆ రోజు మీ నాన్న భుజం ఎక్కడ పెట్టాడే? పెట్టింది పిర్రలు.”

“నువ్వు చూశావా? అప్పటికి నువ్వూ పుట్టలేదు.”

“అది చూళ్ళేదు. మా నాన్న భుజంమీద కాయ చూశా. అందులో సగం మీ నాన్న బరువే.”

రోవెనా ఇద్దరినీ చూసింది. ముసలివాళ్ళు చెప్పినవన్నీ తన దగ్గర రికార్డయి ఉన్నాయనీ, తాకియో కిటికీలోనే కూర్చున్నాడని తమ పెద్దలు చెప్పేవారని అందరూ అన్నారనీ దాచకుండా చెప్పింది. తర్వాత, “కానీ ఆయన మీ నాన్న లోలా. ఎక్కడ పెట్టమంటే అక్కడ పెడతాను,” అంది.

“ముందు వాసం,” అంది సెలెస్తీనా.

పెట్టారు. సుమాన్ తిన్న నోటితో బసీలియా కూడా ఇంకేమీ అనలేకపోయింది.

వానలు తెరిపిచ్చేనాటికి తీయడం అయింది. ఆదివారం ప్రార్థన కాగానే షెడ్డు తలుపులు మూసి, దుప్పటి కట్టి, ఎలా వచ్చిందో చూద్దామని వేశారు. ఇల్లు లేచింది. కొండవైపు కదిలింది. అందరూ వంగి ఉన్నారు, అందరికీ చెమటలు, అందరిదీ ఒకటే అడుగు. కాసేపటికి పిల్లలు ఒకళ్ళనొకళ్ళు గిల్లుకోసాగారు. ఇంకా ఎంతసేపు మోస్తారు అని ఒక పిల్ల వాళ్ళమ్మను అడిగింది. పెద్దవాళ్ళు మర్యాదకు ఆవులింతలు మింగుకున్నారు. సెలెస్తీనా ముందు వరసలో కూర్చుని కళ్ళు చికిలించి వెతుకుతోంది.

“మా నాన్న ఏడీ?” అంది కాసేపయ్యాక.

రోవెనా లేచి దుప్పటి మీద వేలు పెట్టి చూపించింది. వేలు తీసేసరికి తాకియో మళ్ళీ ఆ వీపుల్లో కలిసిపోయాడు.

సినిమా అయిపోయింది. చప్పట్లు పల్చగా వినపడ్డాయి. బసీలియా మాత్రం కొట్టలేదు.

“ఎవరే వీళ్ళు, ఇంత బుద్ధిమంతులు? మావాళ్ళు ఆ కొండ ఇలా ఎక్కలేదు. సగం దారిలో ఇంక మావల్ల కాదు, దించేద్దాం అన్నారట. అప్పుడు మీ నాన్న కిటికీలోంచి ఒక్కొక్కణ్ణీ పేరు పెట్టి వెక్కిరిస్తూ పాట అందుకున్నాడు. ఆయన్ని తన్నాలంటే ఇల్లు దించాలి. ఆ వాలులో దించితే ఇల్లు దొర్లిపోతుంది. పైకి తీసుకెళ్ళి తందాం పదండ్రా అని ఒకటే ఉరుకు.”

తన్నారా అని రోవెనా అడిగింది.

“ఎక్కడ? దించేలోపే వెనక కిటికీలోంచి దూకేశాడు. తరిమే ఓపిక ఎవడికుంది? కూలబడి నవ్వుకున్నారట. మా నాన్న ఆ మాట చెప్పినప్పుడల్లా తిట్టేవాడు, తిట్టినంతసేపూ నవ్వేవాడు.”

సెలెస్తీనా ఆమెవైపు తిరిగింది. “ఇన్నాళ్ళూ నాకు చెప్పలేదేం?”

“నువ్వు చెప్పనిస్తేగా? మీ నాన్న పేరెత్తితే లేచి పోయేదానివి.”

అది నిజమే. సెలెస్తీనా లేచి, బల్ల దగ్గరికి వెళ్ళి, బొమ్మల గుంపులోంచి తండ్రిని వెతికి పట్టుకుని కత్తెర అడిగింది. మోకాళ్ళ దగ్గర రెండు గాట్లు పెట్టి కాళ్ళు మడిచింది. వంగిన నడుం సరిచేసింది. నుదుటిమీది చుక్కల్ని బొటనవేలితో రుద్దింది.

“ఈ చెమట తీసెయ్యమ్మా. ఈయనకు పట్టలేదు.”

బొమ్మను తనే తీసుకెళ్ళి ముందు కిటికీలో కూర్చోబెట్టి, ఒకడుగు వెనక్కి వేసి చూసుకుంది. ఆ పాట తనకు వచ్చునంది. కొబ్బరి కల్లు తాగినప్పుడల్లా తండ్రి పాడేవాడట. బయట పాడితే తంతారని తల్లి నోరు నొక్కేదట. పాడమంటే మొదట సిగ్గుపడింది, తర్వాత గొంతు సవరించుకుంది.

“మమెర్తో మావకు ముందర పొట్టా,
మెడమీద ఇల్లూ, మోయలేడంటా.
పొట్ట నువు దించుకో మావా,
ఇల్లు నే చూసుకుంటా.”

షెడ్డు కప్పెగిరేలా నవ్వారు. ఎక్కడెక్కడో ఉన్న పిల్లలు ముందుకొచ్చి చేరారు. బసీలియా ముఖం ఎర్రబడింది. “ఆ చరణం తీసెయ్యి.”

“అది తీస్తే మా నాన్న దిగిపోతాడు.”

“అయితే మా నాన్న తిట్టింది కూడా పెట్టాలి. నేనే తిడతా.”

కిటికీ ముక్క మళ్ళీ మొదటినుంచి తీశారు. రోవెనా ఆ ఇద్దరినీ ఒకే మైకు ముందు కూర్చోబెట్టి, ఒకరయ్యాకే ఒకరు అని మరీమరీ చెప్పింది. సెలెస్తీనా పాడింది. పొట్ట మాట రాగానే బసీలియా, కల్లు కుండలో పడి చచ్చిన ఉడుమా, దిగిరా నీ పని చెప్తా అని మొదలుపెట్టి, తండ్రి తిట్టినవి అయిపోయాక తన సొంతవి అందుకుంది. సెలెస్తీనా ఆపుకోలేకపోయింది. పాట మధ్యలో వదిలేసి, మైకు పట్టుకుని, కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వింది.

రోవెనా దాన్ని కత్తిరించలేదు, బొమ్మనే ఆ నవ్వుకు తగ్గట్టు జరిపి తీసింది. తిరునాళ్ళలో సినిమా వేసినప్పుడు, కొండ సగం ఎక్కేసరికి కిటికీలో తాకియో గిటారు పక్కన పెట్టి నవ్వుతాడు. ఆ నవ్వు కూతురిది.