గీతదాకా నీళ్ళు

మా కెమిస్ట్రీ లెక్చరరు బదరీనారాయణ గారికి కోపం తెప్పించడం మహా సులువు. లెక్క చెప్పమన్నప్పుడు "ఇరవై సార్" అంటే చాలు, "ఇరవై ఏంది? మేకలా, మామిడికాయలా?" అని లేచేవారు. "ఇరవై సి.సి. సార్" అని దిద్దుకున్నా వదిలేవారు కాదు. "ఉత్త ఇరవయ్యా, ఇరవై పాయింటు సున్నానా?" ఆ సున్నా కోసం నేను బెంచీ ఎక్కి నిలబడిన రోజులున్నాయి. అది నా జన్మకు పట్టిన శని అని అప్పట్లో గట్టిగా నమ్మాను.

మా ఊరు గుత్తికి పడమర. అది యాభై ఎనిమిదో సంవత్సరం, వరసగా రెండో ఏడు వాన లేదు. తాగే నీళ్ళకే జనం తన్నుకుంటున్న ఊర్లో, సార్ ల్యాబులో మాత్రం ఒక పెద్ద గాజు జాడీ నిండా డిస్టిల్డ్ వాటర్ ఉండేది. అంటే మరగబెట్టి, ఆవిరిని చల్లార్చి, బొట్టు బొట్టుగా పట్టిన నీళ్ళు. జాడీ మెడ మీద ఆయన ఎర్రరంగుతో ఒక గీత గీశారు. రోజూ పొద్దున్నే వంగి, కన్ను గీతకు సమానంగా పెట్టి, నీటి అంచు దాన్ని తాకిందా లేదా అని చూసేవారు. తాకకపోతే అటెండరు యేసన్నకు ఆ పూట తిట్లే టిఫిను.

నేను ఆ ఏడు ఇంటర్మీడియట్ రెండోసారి రాస్తున్నాను. మొదటిసారి ప్రాక్టికల్సులోనే పోయింది. "కదిరప్పా, ఈసారి గూడా తప్పితే ఇంగ మడక పట్టాల్సిందే" అని మా నాయన ముందే చెప్పాడు. వాన లేని చోట మడక పట్టి ఏం దున్నాలో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. భయం మాత్రం నిజంగానే ఉండేది.

పరీక్షకు కోస్తా నుంచి ఒక పెద్దమనిషి ఎగ్జామినరుగా వచ్చాడు. ఊర్లో మంచి హోటలు లేదు కాబట్టి బస, భోజనం బదరీనారాయణ గారింట్లోనే. తొలిపూటే పప్పు దగ్గర చెడింది. మా బావినీళ్ళు సున్నం కలిసిన ఉప్పునీళ్ళు. వాటిలో కందిపప్పు ఎంతసేపు ఉడికినా బద్ద బద్దగానే ఉంటుంది. మాకు అలవాటే. ఆయన ఒక బద్దను పంటికింద నొక్కి, "ఏవండీ, ఇది పప్పా, ల్యాబు నుంచి తెచ్చిన శాంపిలా?" అన్నాడట. సార్ భార్య సుమిత్రమ్మ గారికి తల కొట్టేసినట్టయింది.

మరునాడే మా పరీక్ష. పొద్దున సార్ ఎప్పటిలాగే వంగి గీత చూసి, "భేష్ యేసన్నా, కరెక్టు" అన్నారు. మధ్యాహ్నం ఎగ్జామినరు ఎందుకో మహా సంతోషంగా, బెల్టు ఒక రంధ్రం వదులు చేసుకుని ల్యాబులోకి వచ్చాడు. మాకు తలా కొంచెం ఆమ్లం ఇచ్చి, జాడీలోని నీళ్ళు కలిపి నూరు సి.సి.లకు చేర్చమన్నాడు. ఆ తర్వాత అందులోంచి ఇరవై సి.సి.లు తీసుకుని, రంగు మారేదాకా బ్యూరెట్ అనే కొలగీతల గాజుగొట్టం లోంచి క్షారాన్ని బొట్టు బొట్టుగా వదలాలి. నేను ఊపిరి బిగబట్టి, కన్ను సమానంగా పెట్టి చదివాను. పదిహేడు పాయింటు తొమ్మిది. మళ్ళీ చేశాను, అదే వచ్చింది. చివర సున్నా కూడా మరవకుండా 17.90 సి.సి. అని రాసి ఇచ్చాను.

కాగితాలు చూసేకొద్దీ ఎగ్జామినరు ముఖంలో సంతోషం ఇంకిపోయింది.

"రావలసింది ఇరవై. పన్నెండుమందికీ పదిహేడు పాయింటు తొమ్మిదా! ఇది టైట్రేషన్ కాదండీ, భజన. ఒకడు ఎత్తుకున్నాడు, మిగతావాళ్ళు అందుకున్నారు. పరీక్ష రద్దు చేయమని రాస్తాను."

నాకు మడక కళ్ళముందు కనిపించింది. బదరీనారాయణ గారు అడ్డం వచ్చారు. "నా పిల్లోళ్ళు కాపీ కొట్టరు సార్. కావాలంటే మీరే చేసి చూడండి."

ఎగ్జామినరు నా బ్యూరెట్ లాక్కుని తన చేత్తోనే చేశాడు. చదివాడు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాడు. పదిహేడు పాయింటు తొమ్మిది. భజనలో ఆయనా కలిశాడు.

సార్ కు అనుమానం వచ్చి జాడీ దగ్గరికి పోయి, ఒక బొట్టు నాలుక మీద వేసుకున్నారు. "థూ! ఇవి మన బావినీళ్ళు! యేసన్నా, ఏం చేస్తివప్పా?"

"గీతకు సరిగ్గానే పోసినా గదా సార్. పొద్దన మీరే చూసి కరెక్టు అంటిరి."

"ఇందులో ఉండే నీళ్ళు యాడికి పోయినాయి?"

"అమ్మగారు పప్పుకు కావాలన్నారు సార్. రెండు బిందెలు మోసినా. జాడీ వట్టిగా ఉంటే మీరు తిడతారని బావినీళ్ళు నింపినా."

ఎగ్జామినరు చెయ్యి మెల్లగా పొట్ట మీదికి పోయింది. "అయితే ఆ పప్పు... నేను మూడుసార్లు వేయించుకున్నది..."

"తగ్గిన రెండు సి.సి.లు ఆడనే ఉండాయి సార్" అన్నాను. నోరు జారింది. ఇంక నా పని అయిపోయిందనుకున్నాను.

ఎగ్జామినరు బల్ల పట్టుకుని కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. తర్వాత బావినీళ్ళను విడిగా కొలిచి ఆమ్లం వదిలి చూశాడు. నీళ్ళలోని సున్నం రెండు సి.సి.ల పైచిలుకు ఆమ్లాన్ని తాగేసింది. నీళ్ళు తిన్నది లెక్కలో కలిపితే అందరికీ సరిగ్గా ఇరవై.

"తప్పును ఇంత కచ్చితంగా చేసిన క్లాసును నేనెక్కడా చూడలేదయ్యా" అని మార్కులు వేయడం మొదలుపెట్టాడు. మాలో ఒక్కడు సున్నా దగ్గర బద్ధకించి ఉన్నా ఆ లెక్క కుదిరేది కాదు. ఆ పూట బదరీనారాయణ గారి కాళ్ళకు దండం పెట్టాలనిపించింది, పెట్టాను కూడా.

ఎర్రగీతను సార్ తుడిపేస్తారేమో అనుకున్నాం. తుడపలేదు, జాడీ గదికి తాళం వేయించారు. ఒక తాళంచెవి ఆయన దగ్గర, రెండోది సుమిత్రమ్మ గారి దగ్గర.

ఫలితాలు వచ్చిన రోజు మా నాయన నన్ను ఎగాదిగా చూసి, "నువ్వు ఎట్ల పాసయితివిరా?" అని అడిగాడు.

"పప్పు మెత్తగా ఉడికింది నాయనా" అన్నాను.